ప్రార్థన ముగిసిన తరువాత

ప్రార్థన ముగియగానే చర్చి పని ముగిసిందనుకోని ఊరు ఒకటి అమెరికాలో ఉంది.

ఉత్తర కరోలినా రాష్ట్రంలో 1978లో కొందరు పి.సి.బి. అనే విషం కలిసిన నూనెను రాత్రివేళ రోడ్ల పక్కన పారబోశారు. ఆ మట్టిని ఎత్తి పూడ్చడానికి ప్రభుత్వం వారెన్ జిల్లాను ఎంచింది. అక్కడివారిలో ఎక్కువమంది నల్లజాతి బీదలు, తాగేది బావినీళ్లు. కోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది. 1982 సెప్టెంబరులో కోలీ స్ప్రింగ్స్ బాప్టిస్టు చర్చి నుంచి ఊరేగింపుగా బయలుదేరి, లారీలకు అడ్డంగా పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. అయినా మట్టిని పూడ్చనే పూడ్చారు.

ఆ పోరులో పాల్గొన్న యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ ఊరుకోలేదు. విషపు చెత్తను దింపే వ్యాపారస్థలాలు ఎక్కడున్నవో, వాటి పక్కన ఎవరు కాపురమున్నారో దేశమంతటా లెక్క తీయించింది. వాటికి పేదరికంతో కంటె జాతితోనే గట్టి సంబంధమున్నదని 1987లో నివేదిక అచ్చువేసింది. ఇరవై ఏండ్లు దాటాక ఆ గుంటలోని మట్టిని ప్రభుత్వమే శుద్ధి చేయించింది.

గుమాస్తాగా నాకు తెలిసినంతలో, నోటిమాటను తోసిపుచ్చడం సులభం. తేదీ, అంకె వేసిన కాగితాన్ని తోసిపుచ్చడం కష్టం. మన సంఘాలు ఉత్సవాల జమాఖర్చుతోపాటు వీధికాలువ, బావినీళ్ల సంగతి కూడా పుస్తకంలో వ్రాసి ఉంచితే మంచిది గదా!