మెట్రో గోడ మీద మనోళ్ల బొమ్మ అడుగుదాం



స్టాక్‌హోమ్ మెట్రో స్టేషన్ల వీడియోలు మనలో చానామంది ఫోన్లల్ల చూసే ఉంటరు. అది స్వీడన్ దేశం రాజధాని. అక్కడ భూమి కింద బండను తొలిచి, కొన్ని స్టేషన్లల్ల ఆ బండను గుహ లెక్కనే ఉంచి రంగులు వేసిన్రు. మనం చూస్తం, "అబ్బ, ఏమున్నది రా" అంటం, పైకి జరిపేస్తం. మోత్కూర్ చుట్టుపక్కల తండాల పిల్లలం కొందరం మాత్రం ఆ గోడల మీద అసలు ఏం గీసిన్రో వెతికి చదివినం. చదివినంక మన హైదరాబాద్ మెట్రో గురించి ఒక మాట గట్టిగ చెప్పాలనిపించింది.

సోల్నా సెంట్రమ్ అని ఒక స్టేషన్ ఉన్నది. 1975ల తెరిచిన్రు. పైకప్పంత నెత్తురు రంగు, కింద గోడల పొడుగూత ఆకుపచ్చ అడవి. ఆ అడవి బొమ్మ పొడుగే కిలోమీటరు దాకా ఉంటదంటరు. అందం కోసం గీసిన అడవి కాదది. ఆ రోజులల్ల స్వీడన్‌ల జనం రెండు బాధల గురించి మాట్లాడుకుంటుండె. అడవులు నరుకుడు ఒకటి, పల్లెలు ఖాళీ అయ్యుడు ఒకటి. ఆ రెండింటినే తెచ్చి, పట్నపోళ్లు రోజూ పనికి పోయే తొవ్వల పెట్టిన్రు. పల్లె ఖాళీ అయ్యుడు అంటే ఏందో మనకు ఎవరూ చెప్పే పని లేదు. పండుగ దాటినంక మన తండాలల్ల ఇండ్లకు తాళాలు, అరుగుల మీద ముసలోళ్లు. అంత పెద్ద దేశం తన రాజధాని గోడ మీద ఆ సంగతి ఒప్పుకున్నదంటే మాకు నమ్మబుద్ధి కాలే.

ఊరి నడుమ టీ-సెంట్రాలెన్ అని పెద్ద జంక్షన్ ఉన్నది. నీలి లైన్ ప్లాట్‌ఫారం మీద నీలం తీగలు, ఆకులు గీసిన్రు. ఆ ఫొటో అందరికి తెలుసు. దాని పక్కన కప్పు మీద ఇంకో బొమ్మ ఉన్నది, దాన్ని తక్కువ మంది చూస్తరు. వెల్డింగ్ చేసేటోళ్లు, వడ్లోళ్లు, బండ పగలగొట్టేటోళ్ల నీడ బొమ్మలవి. ఆ స్టేషన్ కట్టిన కూలీలే వాళ్లు. టెన్‌స్టా స్టేషన్‌లనైతే వేరే దేశాల నుంచి బతుకదెరువుకు వచ్చినోళ్ల కోసం గీసిన్రు. హాలొన్‌బెర్గెన్‌ల చిన్నపిల్లల బొమ్మలను ఆధారం చేసుకుని గోడలు నింపిన్రు. వంద స్టేషన్లల్ల తొంభైకి పైగా ఇట్ల కళాకారుల చెయ్యి పడ్డవే.

ఇదంతా సర్కారు దయ తలిచి ఇచ్చింది కాదు. 1950లల్ల వేరా నిల్సన్, సీరి డెర్కెర్ట్ అనే ఇద్దరు ఆడ కళాకారులు, ఇంకొందరు కలిసి అడిగిన్రు, ఒత్తిడి తెచ్చిన్రు. తర్వాత డెర్కెర్ట్ ఎస్టర్‌మాల్మ్స్‌టోర్గ్ స్టేషన్ కాంక్రీటు గోడల మీద ఆడోళ్ల హక్కులు, శాంతి గురించి బొమ్మలు చెక్కింది.

గోడ మీద బొమ్మ ఉంటే చాలు, గౌరవం దొరికినట్టే అని మేం అనం. మాస్కోల 1938ల తెరిచిన ప్లోషద్ రెవల్యూత్సీ స్టేషన్‌ల 76 కంచు బొమ్మలున్నయి. కోడిని పట్టుకున్న రైతు ఆడమనిషి ఉన్నది, పుస్తకం చదివే విద్యార్థి ఉన్నడు. ఒక కుక్క బొమ్మ ఉంటే, దాని ముక్కు రుద్దితే పరీక్షల మంచి మార్కులు వస్తయని పిల్లలు రుద్ది రుద్ది మెరిపిచ్చిన్రు. (ఎక్కడైనా పిలగాండ్లు పిలగాండ్లే.) కానీ ఆ బొమ్మలు పోతపోసిన రోజులల్లనే అక్కడి సామూహిక వ్యవసాయ క్షేత్రాల రైతులకు పాస్‌పోర్టులియ్యక, పట్నంల ఉండనియ్యకపోతుండిరి. బొమ్మకు జాగ ఉన్నది, మనిషికి లేదు. అందుకే స్టాక్‌హోమే మాకు ఎక్కువ నచ్చింది. అక్కడ బాధను బాధ అనే రాసిన్రు.

ఇగ మన దగ్గరికొద్దాం. హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్ 28న మొదలైంది. ఇప్పుడు మూడు లైన్లు, దగ్గర దగ్గర 69 కిలోమీటర్లు, అంతా పిల్లర్ల మీదనే. మోత్కూర్ నుంచి భువనగిరి మీదుగ పోయి ఉప్పల్‌ల దిగితే, అక్కడ మెట్రో ఎక్కి హబ్సిగూడ దాటి తార్నాక, అక్కడి నుంచి ఉస్మానియా. స్టేషన్ల కట్టుడు తెలివైన పనే, కాదనం. రోడ్డు నడుమ ఒక్క వరుస పిల్లర్లు, వాటి మీద రెండు దిక్కుల రెక్కలు చాపినట్టు స్టేషన్. ముక్కలు ముందే ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డులల్ల పోసి, తెచ్చి అతికిచ్చిన్రు. అట్ల చేయబట్టే ట్రాఫిక్ పెద్దగ ఆగకుండ పని నడిచింది. అమీర్‌పేటల ఒక లైను మీద ఇంకో లైను పోవుడు మొదటిసారి చూసినోళ్లకు ఇప్పటికీ వింతనే.

అయితే ఉప్పల్‌ల ఎక్కినా మియాపూర్‌ల దిగినా అదే రేకు, అదే మెట్లు. ఏ ఊరికొచ్చినమో బోర్డు చదివితేనే తెలుస్తది. రైలు ఒంటి నిండ ప్రకటనలు. ప్రైవేటు కంపెనీతో కలిసి కట్టిన ప్రాజెక్టు కాబట్టి మాల్స్‌తోటి, ప్రకటనలతోటి పైసలు రాబట్టుకోవాలనేది ముందే అనుకున్న లెక్క. ఆ లెక్కల గోడ అంటే అమ్ముకునే జాగ. పిల్లరు పోసినోళ్ల నీడ సుత ఎక్కడా పడలే.

పాలమూరు లేబర్ అనే మాటనే మన జిల్లాల నుంచి పుట్టింది. నాగార్జునసాగర్ కాడి నుంచి దేశంల ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసింది ఆ చేతులే. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి ఇయ్యాల్టికి మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని హైదరాబాద్ బిల్డింగులకు పోతనే ఉన్నరు. మన అక్కలకు ఫేటియా, కాంచళి వేయించి సభలల్ల మంత్రుల ముందు ఆడిపిచ్చుడు అందరికి ఇష్టమే. అదే అక్క తట్ట మోసేటప్పటి బొమ్మ మాత్రం ఎవరికీ వద్దు. మేం అడిగేది ఆ రెండో బొమ్మ. అద్దాల కుట్టు డిజైను నాల్గు తెచ్చి అతికిచ్చి "గిరిజన సంస్కృతి" అని బోర్డు పెడితే మేం ఒప్పుకోం.

"ముందు టికెట్ సంగతి చూడు, బొమ్మ తర్వాత" అని కొందరు అన్నలు అంటరు. నిజమే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల మన చెల్లెండ్లకు ఉచితం. మెట్రోలనేమో 2025 మేల చార్జీలు పెంచి, లొల్లి అయినంక కొంచెం తగ్గిచ్చి 11 నుంచి 69 రూపాయల దాకా పెట్టిన్రు. హాస్టల్ పిల్లకు అది బరువే. చార్జీ గురించి కొట్లాడుదాం. కానీ ఒకటి అడిగితే ఇంకోటి అడగొద్దని ఎవరు చెప్పిన్రు? పట్నంల మన పేరు బస్సు పాసు కాగితం మీదనే ఉండాల్నా?

అడగనీకె ఇదే టైము. రెండో దశల ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా లైను వేస్తమని ప్రతిపాదన పంపిన్రు. అది విజయవాడ రోడ్డు, మన నల్లగొండ తొవ్వ. మొదటి దశను సుత కంపెనీ నుంచి తీసుకుంటమని 2025 సెప్టెంబర్‌ల రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్నది. ఆ గోడలు సర్కారువైతే అడిగే హక్కు మనకు ఇంకా గట్టిగ ఉంటది. కట్టినంక అడిగితే "జాగ లేదు" అంటరు. డిజైను కాగితం మీద ఉన్నప్పుడే హయత్‌నగర్ దిక్కు ఒక్క స్టేషన్ గోడ వలస కూలీలకు రాసియ్యాలె, గీసే పనిల ఆశ్రమ పాఠశాల పిల్లలను కూసోబెట్టాలె, ఆ బొమ్మ కింద తెలుగు లిపిల గోర్ బోలి మాట ఉండాలె. చెంచు, ఎరుకల తమ్ముళ్లు వాళ్ల మాట సుత చేర్చమంటే ఇంకా మంచిది.

అర్జీ రాసుడు మేం మొదలుపెట్టినం. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు ఉన్నోళ్లు మీ తాతలు, నాయనలు ఏ ఊర్లె ఏ కాలువ తవ్విన్రు, ఏ డ్యాం కాడ ఎన్నేండ్లు పని చేసిన్రు, అడిగి రాసి పెట్టుండ్రి. అర్జీకి అవి జతచేస్తం.