భూగర్భాగ్ని లెక్క

భూమి లోపల ఇంత వేడి ఏల ఉన్నదని తరగతిలో ఏ బాలుడైన అడిగినచో సాధారణముగా వచ్చు సమాధానము ఒక్కటే: పూర్వము భూగోళము కరిగిన ముద్దగా ఉండెను, పైపొర గట్టిపడినది, లోపల ఇంకను చల్లారలేదు. కొంచెము ఎక్కువ చదివిన ఉపాధ్యాయుడు యురేనియము, థోరియము మొదలగు మూలకముల రేడియోధార్మికతను కూడ పేర్కొని, సగము అది, సగము ఇది అని ముగించును. మొదటి సమాధానము అసంపూర్ణము. రెండవది మేలే కాని, ఆ సగమును ఎవరు తూచిరి, ఏ త్రాసులో తూచిరి అన్నది చెప్పనంత వరకు అది వల్లెవేయుటకు పనికివచ్చు వాక్యము మాత్రమే.

ఈ విషయమున చరిత్ర కూడ సగమే చెప్పబడుచున్నది. కెల్విన్ 1862లో భూమి చల్లారు రీతిని గణించి, దాని వయస్సు 2 కోట్ల నుండి 40 కోట్ల ఏండ్ల లోపల ఉండునని తేల్చెను. నేడు తెలిసిన వయస్సు సుమారు 454 కోట్ల ఏండ్లు. రేడియోధార్మికత బయటపడుటతో కెల్విన్ లెక్క కూలినదని కథ. నిజమునకు బెకెరల్ 1896లో యురేనియము కిరణములను కనుగొనుటకు ఏడాది ముందే, ఒకప్పుడు కెల్విన్ కడ సహాయకుడుగా పనిచేసిన జాన్ పెర్రీ, లోపలి పదార్థము కదలుచు వేడిని పైకి మోయునెడల ఆ లెక్క నిలువదని చూపెను. గురువుతో వాదమునకు దిగిన ఆ శిష్యుని పేరు పాఠములలో వినబడుట అరుదు.

భూమి నుండి వెలికివచ్చు వేడి మొత్తము సుమారు 47 లక్షల కోట్ల వాట్లు. అందు రేడియోధార్మికత పాలెంత? త్రవ్వి చూతమన్న, రష్యాలోని కోలా వద్ద తొలిచిన రంధ్రము 12 కిలోమీటర్లు దాటి కొంచెము పోయి ఆగినది. భూవ్యాసార్ధము 6,371 కిలోమీటర్లు.

అక్కడ ఆదుకొన్నది న్యూట్రినో. (దీనికొక సంస్కృత సమాసము కల్పింపవలెనను ఉబలాటము కొందరికి కలుగవచ్చును. చిన్నారి తటస్థకణమను అర్థమున ఇటలీ వారు ముద్దుగా పెట్టుకొన్న పేరది. అట్లే ఉండనిచ్చుట మేలు.) 1930లో పౌలి దీనిని ఊహించెను. 1956లో రైన్స్, కోవన్ అనువారు అణు రియాక్టరు చెంత దీని ఉనికిని నిరూపించిరి. యురేనియము, థోరియము క్షీణించునపుడు వేడితో పాటు దీని జంటయైన ప్రతిన్యూట్రినో కూడ వెలువడును. లోతున పుట్టిన వేడి పైకి వచ్చుటకు కోట్ల ఏండ్లు పట్టవచ్చును. ఈ కణము మాత్రము రాతిని లెక్కసేయక రెప్పపాటులో బయటపడును. ప్రతి చదరపు సెంటీమీటరు నేల నుండి సెకనుకు పది లక్షలకు తక్కువ కాకుండ ఇవి వచ్చుచున్నవి; పాఠకుని అరచేతిలో నుండియు దూరిపోవుచున్నవి.

అట్టి దానిని పట్టుట ఎట్లు? జపానులోని కమియోకా గనిలో, కొండ క్రింద, వేయి టన్నుల తైలమును నింపి, దాని చుట్టును కాంతిని పసిగట్టు గాజు బుడ్లను అమర్చిరి. ఎప్పుడో ఒక ప్రతిన్యూట్రినో తైలములోని ప్రోటానును తాకినచో ఒక మెరుపు. అందుండి వెడలిన న్యూట్రాను సెకనులో సుమారు ఐదువేలవ వంతు తరువాత వేరొక కేంద్రకమున చిక్కినపుడు రెండవ మెరుపు. ఈ జంట మెరుపులే సాక్ష్యము. 749 దినముల లెక్కలో దొరకిన భూన్యూట్రినోలు రమారమి 25 అని 2005లో ఈ కామ్‌లాండ్ బృందము ప్రకటించినది. అందు ఇటు అటు 19 వరకు తేడా ఉండవచ్చునని కూడ వారే వ్రాసిరి. అణువిద్యుత్కేంద్రములును ఇట్టి కణములనే వెదజల్లుటచే, భూమివి ఏవో రియాక్టరువి ఏవో విడదీయుట చిక్కు. 2011లో ఫుకుషిమా దుర్ఘటన పిమ్మట జపానులో ఆ కేంద్రములు మూతపడగా లెక్క కొంత తేటపడినది. ఒక దేశపు విపత్తు పరిశోధనకు ఇట్లు తోడ్పడుట విచిత్రమే. ఇటలీలో గ్రాన్ సాస్సో పర్వతము క్రింది బోరెక్సినో పరికరము 2007 డిసెంబరు నుండి 2019 ఏప్రిలు వరకు పట్టినవి సుమారు 53 మాత్రమే.

ఇక సగము మాట. యురేనియము, థోరియముల వేడిని కామ్‌లాండ్ వారు 2011లో 20 లక్షల కోట్ల వాట్లుగా కట్టిరి. 2013లో ఆ బృందమే దానిని 11కు దించినది. 2020లో బోరెక్సినో వారు పొటాషియము పాలును అంచనాగా చేర్చి 38 అనిరి. 47లో 11 ఎక్కడ, 38 ఎక్కడ! ఎవరును అబద్ధమాడలేదు, ప్రతి అంకెకును ఇరువైపుల వెడల్పయిన హద్దులు గీచియే ఇచ్చిరి. ఆ హద్దులు తరగతి గదికి చేరునప్పటికి రాలిపోయి, నున్నని సగము మాత్రము మిగులుచున్నది. పదవ తరగతి బాలునికి ఇట్టి హద్దులు అర్థము కావనుట సాకు. ఒకే బల్ల పొడవును ముగ్గురు కొలిచి మూడు అంకెలు చెప్పిననాడే ఆ బాలునికి ఇది సగము తెలిసియుండును.

చైనాలో 2025 ఆగస్టున పని మొదలిడిన జూనో పరికరమున 20,000 టన్నుల తైలము కలదు. ఏటికి 400 భూన్యూట్రినోలు దొరకునని అంచనా. యురేనియము, థోరియముల పద్దు దానివలన తేలవచ్చును. పొటాషియము నుండి వచ్చు కణములకు మాత్రము ప్రోటానును మార్చునంత శక్తి లేదు. కావున ఈ తైలభాండములలో ఏదియు వానిని చూడజాలదు. జూనో లెక్క ముగిసిననాటికిని ఆ పద్దు ఖాళీగనే ఉండును.