బండి మాట: ఆయిలు తాగే పాత బండి

రెండు నెలల కింద ఒక ఆదివారం పొద్దున్నే మా షెడ్డు ముందర ఒక పాత ఓమ్ని వచ్చి ఆగింది. దిగినాయన ముప్పై ఏళ్ళు మిల్లులో రింగు ఫ్రేముల మీద పనిచేసి రిటైరైన అన్న. గ్రాట్యుటీలో కొంత తీసి ఆ బండి కొన్నాడు. తెల్లవారుజామున కూరగాయలు, సాయంత్రం అంగళ్ళ సరుకు తోలుతాడు. ఇల్లు దాని మీదే నడుస్తోంది.

"తమ్ముడూ, ఇది పెట్రోలు కంటే ఆయిలే ఎక్కువ తాగేట్టుంది. టౌనులో చూపిస్తే ఇంజను దించి బోరు చెయ్యాల, ఇరవై ఐదు వేలు అవుతుంది అన్నారు. చిన్నదాని కాలేజీ ఫీజుకని పెట్టుకున్న డబ్బు అది. ఏం చేసేది?" అన్నాడు.

"ఎంత పోస్తున్నావన్నా?"

"అప్పుడప్పుడు అర లీటరు."

"ఎన్ని కిలోమీటర్లకి?"

చెప్పలేకపోయాడు. మనలో చాలామంది చెప్పలేరు. టౌనులో ఇంజను దించమన్నవాళ్ళు కూడా ఆ లెక్క అడగలేదట.

"మిల్లులో ఒక స్పిండిలు మాటిమాటికీ నూనె అడిగితే ఫ్రేమంతా విప్పేస్తారా అన్నా? ముందు ఆ స్పిండిలునే కదా చూస్తారు. ఇదీ అంతే" అన్నాను. అప్పుడు కాస్త నవ్వాడు.

ముందు లెక్క తీయాలి. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న నేల మీద బండి నిలిపి, డిప్‌స్టిక్ తుడిచి మళ్ళీ పెట్టి చూడండి. పై గీత దాకా ఆయిలు పోసి, మీటరులో కిలోమీటర్లు రాసుకోండి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే చోట, అదే వేళకి మళ్ళీ చూసి, పై గీతకి రావడానికి ఎంత పట్టిందో కొలవండి. పై గీత దాటి మాత్రం పోయకండి. ఎక్కువైన ఆయిలు కూడా పొగై పోతుంది. పాత ఇంజను కొంచెం తాగడం సహజమే. వెయ్యి కిలోమీటర్లకి లీటరు దగ్గరికి వచ్చిందంటే కారణం వెతకాల్సిందే. ఆ అన్న బండి ఐదు వందలకి దాదాపు అర లీటరు తాగింది.

ఇక ఆయిలు పోయే దారులు రెండే. బయటికి కారాలి, లేదా లోపల కాలాలి.

కారడం తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. రాత్రి బండి కింద ఒక అట్టపెట్టె విప్పి పరచండి. పొద్దున ఏ చోట చుక్కలు పడ్డాయో చూడండి. ట్యాపెట్ కవరు గ్యాస్కెట్, ఆయిలు ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషరు, క్రాంకు ఆయిలు సీలు, ఇవే మామూలుగా కారే చోట్లు. ఓమ్నికి ఇంజను ముందు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి చూస్తే పైన కారేది కంటికే కనిపిస్తుంది. కొన్ని కారుడులు బండి ఓడేటప్పుడు మాత్రమే ఉంటాయి, అట్ట మీద పడవు. అందుకని ఇంజను శుభ్రంగా తుడిచి, ఒక రోజు తిప్పి మళ్ళీ చూడాలి.

కారడం లేదంటే కాలుతున్నట్టు. అప్పుడు పొగని చూడాలి. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే రేడియేటరు నీళ్ళ గొడవ. నీలం పొగ అయితేనే ఆయిలు. ఆ నీలం పొగ ఎప్పుడు వస్తుందన్నదే అసలు సంగతి.

పొద్దున స్టార్టు చెయ్యగానే ఒక్క బుస్సున వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళు గట్టిపడినట్టు. రాత్రంతా ఆయిలు వాటి సందుల్లోంచి కిందికి జారి ఉంటుంది. తిరుత్తణి కొండ దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలేసి గేర్లో దిగుతాం కదా, కిందికొచ్చి మళ్ళీ తొక్కగానే వెనక నీలం పొగ లేస్తే అది కూడా వాల్వు సీళ్ళు, గైడ్ల వైపే చూపిస్తుంది. అట్లా కాకుండా కొండ ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానం.

ఇంకొకటుంది, చాలామంది మరిచిపోయేది. బ్రీదరు పైపు, పీసీవీ వాల్వు. ఇంజను లోపలి గాలి బయటపడే దారి అది. మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిలుని సీళ్ళ గుండా తోసేస్తుంది. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఆయిలు తడి కనిపిస్తే ముందు దీన్నే చూడండి.

ఇవన్నీ అయ్యాక స్పార్క్ ప్లగ్గులు విప్పాలి. ఏ సిలిండరు ప్లగ్గు నల్లగా, జిడ్డుగా తడిసి ఉందో అక్కడే ఆయిలు కాలుతోంది. తర్వాత కంప్రెషన్ పరీక్ష. గేజి పెట్టి ఒక్కో సిలిండరు చూసి రాసుకోవాలి. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఆయిలు పోసి మళ్ళీ చూడాలి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగింది. పెరగకపోతే వాల్వుల వైపో, హెడ్ గ్యాస్కెట్టో చూడాలి. బోరు అని చెప్పే మేస్త్రీని ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. అడగడం మీ హక్కు.

అన్న ఓమ్నిలో మూడు సిలిండర్లూ 160, 155, 158 చూపించాయి. రింగులకి ఏమీ కాలేదు. బ్రీదరు పైపు మడ్డితో మూసుకుపోయింది, వాల్వు సీళ్ళు చెప్పు తోలులా బిగుసుకుపోయాయి. పైపు కడిగి, సీళ్ళు, ట్యాపెట్ కవరు గ్యాస్కెట్ మార్చాం. బోరు జోలికే పోలేదు. టౌనులో చెప్పిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. ఇప్పుడు వెయ్యి కిలోమీటర్లకి పావు లీటరు తాగుతోంది. ఆ వయసు బండికి అది పరవాలేదు.

ఒకరి తప్పు చెప్పి నా తప్పు దాచుకోను. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఒకాయన కారు పొగ చూసి రింగులే అనేశాను. ఇంజను విప్పి రింగులు వేశాను, వాల్వు సీళ్ళు పాతవే వదిలేశాను. పొగ పోలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, మళ్ళీ షెడ్డుకీ రాలేదు. కొలవకుండా నోరు తెరవకూడదని ఆ రోజు నేర్చుకున్నాను.

నిజంగానే రింగులు పోయి ఉంటే? అప్పుడు బోరు ఖర్చు ఎంత, నెలకి పోసే ఆయిలు ఖర్చు ఎంత, బండి ఇంకెన్నేళ్ళు ఉంచుకుంటారు, ఈ మూడూ పక్కపక్కన రాసుకుని ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఆలోచించండి. పొగ పరీక్షలో బండి పాసవుతుందో లేదో కూడా చూసుకోండి. సీసాల్లో అమ్మే మందు పోస్తే అరిగిన రింగు తిరిగి మొలవదు.

మన పక్కనే అదిగత్తూరు ఫ్యాక్టరీలో 1998 నుంచి హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు లాన్సర్ కార్లు చేశారు. ఆ లాన్సరైనా, మారుతి 800 అయినా ఈ పరీక్షలు ఇదే వరసలో చెయ్యాలి.

చివరగా ఒకటి. డాష్‌బోర్డులో ఎర్రగా వెలిగే ఆయిలు దీపం ఆయిలు మట్టం చూపించేది కాదు, ఒత్తిడి పడిపోయిందని చెప్పేది. అది వెలిగేసరికే ఆలస్యమై ఉంటుంది. ఇంకొక్క కిలోమీటరే కదా అని పోకండి, అక్కడే పక్కకి తీసి ఇంజను ఆపండి. ఆ అన్న ఇప్పుడు బండిలో ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాడు, ఆదివారం ఆదివారం డిప్‌స్టిక్ చూసి రాస్తున్నాడు. మీరూ ఒకటి పెట్టుకోండి.

వచ్చే నెల క్లచ్చు సంగతి చూద్దాం.