కావలివాడే ఇంటివారిని కొట్టినప్పుడు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఇండ్లు దర్శించేటప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటున్నది. "కీళ్ళు పట్టుకపోయినయి అయ్యగారూ, అంతా నీళ్ళ దోషం." ఆ మాటకు కారణము లేకపోలేదు. పాత నల్గొండ జిల్లా పేరు చెప్పగానే ఫ్లోరైడు గుర్తుకు వచ్చేంతగా బోరు నీళ్ళు మన జనుల నడుములు వంచినవి. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినా, ముందు తరమువారి ఎముకలలో చేరినది అంత త్వరగా పోదు. అయితే ఈ నీళ్ళ దోషమనే మాట చాటున ఇంకొక రోగము దాగుకొని, సరియైన వైద్యము లేక సంవత్సరముల తరబడి ఉండిపోతున్నది. ఈ నెల దానిని గురించి వ్రాయుచున్నాము.

ఫ్లోరైడు ముఖ్యముగా పండ్లను, ఎముకలను పట్టుకుంటుంది. పండ్లమీద గోధుమరంగు మచ్చలు, వంగని నడుము, తిరగని మెడ దాని గుర్తులు. మేము చెప్పబోయేది వేరు. నాట్లకు వెళ్ళే ముప్పైయేళ్ళ స్త్రీ తెల్లవారి లేవగానే పిడికిలి ముడువలేదు. రెండు చేతుల వేళ్ళ మొదళ్ళు, మణికట్లు ఒకేసారి వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయి. గంటో రెండు గంటలో గడిస్తే గాని వేళ్ళు సాగవు. ఉంగరము రాదు, గాజులు ఎక్కవు, చీపురు పట్టలేదు. మధ్యాహ్నానికి కొంత నయముగా ఉంటుంది గనుక అత్తగారి కంటికి అది పని దొంగతనముగా కనబడుతుంది. ఎన్నో కాపురములలో గొడవలు ఇక్కడే మొదలౌతున్నవి. డాక్టర్లు దీనిని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. మన వాడుకలో కీళ్ళవాతము. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు ఎక్కువగా వస్తుంది. 1993లో ప్రచురించబడిన ఒక పరిశీలన ప్రకారము ఢిల్లీ సమీప పల్లెలలో పెద్దవారిలో వెయ్యికి ఏడెనిమిది మందికి ఇది ఉన్నది. ఆ లెక్కనే తీసుకున్నా, నాలుగు వందలమంది పెద్దలు కూడే సంఘములో ముగ్గురు ఉండవలెను. మీ సంఘములో ఆ ముగ్గురు ఎవరో ఒకసారి ఆలోచించండి.

నీళ్ళు మార్చినంత మాత్రాన ఈ రోగము తగ్గదు. ఇది చేసేది మన లోపలి కావలివారే.

ఎయిడ్స్‌ను గురించి యౌవనస్థుల కూటములలో పాఠములు చెప్పిన రోజులలో సీడీ ఫోర్ కౌంటు అనే మాట చాలామంది విన్నారు. ఆ సీడీ ఫోర్ కణములు తెల్ల రక్తకణములలో టి కణములనే జాతికి చెందినవి. హెచ్.ఐ.వి. క్రిమి వాటిని చంపుతుంది గనుక శరీరము కాపలా లేని ఇల్లవుతుంది. కీళ్ళవాతములో జరిగేది దానికి తారుమారు. కాపలా ఉన్నది, బలముగానే ఉన్నది, కాని ఇంటివారినే దొంగలనుకుంటున్నది.

టి అనే అక్షరము థైమస్ అనే గ్రంథి పేరునుండి వచ్చినది. రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగమున అది ఉంటుంది. చిన్నతనములో పెద్దదిగా ఉండి, వయస్సుతోపాటు కరిగిపోతుంది. అది ఎందుకున్నదో చాలాకాలము ఎవరికీ అంతుబట్టలేదు. 1961లో లండనులో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలలో ఆ గ్రంథిని తీసివేస్తే అవి రోగములకు తట్టుకోలేవని చూపించాడు. ఎముకల మూలుగలో పుట్టిన కణములు ఈ గ్రంథికి వచ్చి చదువుకుంటాయి. చదువు బహు కఠినము. పనికిరానివాటితోపాటు, స్వంత శరీరము మీద పడే స్వభావము గలవి కూడ అక్కడే నశిస్తాయి. నూటికి తొంభైకి పైగా బయటికి రానే రావు. మన పదవ తరగతి పరీక్షలు దీని ముందు ఏపాటివి!

అయినను కొన్ని తప్పించుకుంటాయి. అవి మీలోను ఉన్నవి, మాలోను ఉన్నవి. మరి అందరికీ రోగము రాదెందుకు? 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి దీనికి జవాబు చూపించాడు. టి కణములలోనే ఇంకొక తెగ ఉన్నది. దాని పని శత్రువును కొట్టుట కాదు, తమవారు తొందరపడి చెయ్యెత్తినప్పుడు ఆ చెయ్యి పట్టుకొనుట. వీటిని రెగ్యులేటరీ టి కణములని పిలుస్తున్నారు. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారు, పుట్టిన కొద్ది వారములకే మగపిల్లలు చనిపోయే ఒక జాతి ఎలుకలను పరిశీలించి, అందుకు కారణమైన జన్యువును కనిపెట్టారు. దానికి ఫాక్స్‌పి3 అని పేరు. అదే జన్యువు చెడిన మగబిడ్డలకు కూడ స్వంత కణములే శత్రువులై ఘోరమైన రోగము వస్తుందని తేలింది. ఆ చెయ్యి పట్టుకొనే కణములు ఈ జన్యువు లేనిదే తయారు కావని తరువాత రుజువైనది. ఈ ముగ్గురికి 2025లో వైద్యశాస్త్రములో నోబెల్ బహుమతి ఇచ్చారు. యుద్ధము చేసేవారిని గురించి పుస్తకములు ఎన్నో వ్రాసిన శాస్త్రము, జగడము ఆపేవారిని గుర్తించడానికి ఇంతకాలము తీసుకున్నది!

ఇక కీలు లోపలికి వెళదాము. కీలును కప్పి పలుచని పొర ఒకటుంటుంది. కీలు సులువుగా కదలడానికి నూనెవంటి ద్రవమును అదే ఊరిస్తుంది. కీళ్ళవాతములో టి కణములు ఆ పొరలో గుంపుకూడి కేకలు వేస్తాయి. ఆ కేకలకు వేరే కణములు పరుగెత్తివచ్చి, టి.ఎన్.ఎఫ్. వంటి మంటపెట్టే పదార్థములను వదులుతాయి. మరికొన్ని స్వంత శరీరముమీదికే విరుగుడు పదార్థములు తయారుచేస్తాయి. రక్తపరీక్షలో ఆర్.ఏ. ఫ్యాక్టరు, యాంటీ సీసీపీ అని చూసేది వాటినే. పలుచని పొర బొద్దుగా ఊరి, మృదువైన ఎముకను, తరువాత గట్టి ఎముకను కొరుకుతుంది. వేళ్ళు ఒక ప్రక్కకు వంగిపోతాయి. ఒకసారి వంగిన వేలును ఏ మాత్ర కూడ తిన్నగా చేయలేదు. కాబట్టి మొదటి నెలలు బహు విలువైనవి.

ఎవరికి వస్తుంది? శత్రువు ముక్కను పళ్ళెములో పెట్టి టి కణమునకు చూపించే అణువులు మన శరీరములో ఉంటాయి. అవి కొన్ని కుటుంబములలో ఒక రకముగా ఉంటే అపాయము కొంత ఎక్కువ. బీడీ, చుట్ట, సిగరెట్టు దానిని ఇంకా పెంచుతాయి. అంతేగాని ఇది అంటువ్యాధి కాదు, తల్లికి ఉన్నంత మాత్రాన కుమార్తెకు రావలెనని లేదు. ఎవరి పాపమో, చేతబడో, శాపమో అసలే కాదు. ఆ మాటలు చెప్పి కోడలిని పుట్టింటికి పంపినవారిని మేమెరుగుదుము. అట్టివారితో మేము మెత్తగా మాట్లాడలేకపోయాము.

మన పాఠకులలో పెద్దవారికి నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి తెలిసే ఉంటుంది. డాక్టరు ఇసబెల్ కెర్‌గారు, ఆమె భర్త కష్టపడి నిలబెట్టినది. కుష్ఠులో కూడ టి కణముల పని కనబడుతుంది. మందులు వాడుచుండగానే కొందరికి మచ్చలు ఎర్రబడి, నరములు వాచి, చెయ్యో కాలో హఠాత్తుగా పడిపోతుంది. రోగి మందే చెరిపిందనుకుంటాడు. నిజానికి చచ్చిన క్రిముల మీద కూడ టి కణములు కోపము చల్లారక విరుచుకుపడతాయి. మధ్యలో నలిగేది నరము. వెంటనే వెళితే స్టెరాయిడ్ మాత్రలతో నరమును చాలావరకు కాపాడవచ్చును.

కీళ్ళవాతమునకు నేడు ప్రపంచమంతటా మొదట వ్రాసే మందు మెథోట్రెక్సేట్. ఈ మందు కథలో మన తెలుగువాడు ఉన్నాడు. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి అమెరికా వెళ్ళి, 1940నుండి లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధకులకు నాయకత్వము వహించాడు. స్ప్రూ అనే విరేచనముల రోగముతో స్వంత అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ రోగములో పనికివచ్చే ఫోలిక్ ఆమ్లమును ఆయన బృందము తయారుచేసింది. దాని రూపమును కొద్దిగా మార్చి, దాని పనికి అడ్డుపడే పదార్థములను కూడ తయారుచేసింది. వాటిలో ఒకటి ఈ మెథోట్రెక్సేట్. మొదట రక్తపు క్యాన్సరు పిల్లలకు ఈ జాతి మందులు వాడారు. 1951లోనే వీటిలో ఒకటి కీళ్ళవాతములో పనిచేస్తుందని కనబడినా, 1988 వరకు అమెరికా ప్రభుత్వము మెథోట్రెక్సేట్‌కు ఈ రోగములో అనుమతి ఇవ్వలేదు. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూశాడు. మన సహోదరి సంచిలో రెండు మాత్రలుంటాయి. ఒకటి టి కణముల వేగము తగ్గించే మెథోట్రెక్సేట్, రెండవది ఆ మందు వలన కలిగే బాధ తగ్గించే ఫోలిక్ ఆమ్లము. రెండింటి వెనుకనూ ఆ భీమవరము మనిషే ఉన్నాడు. బోదకాలుకు పంచే మాత్ర కూడ ఆయన బృందముదే!

ఇప్పుడు చెప్పేది ఇంటిలో ఒకరికి చదివి వినిపించండి. మెథోట్రెక్సేట్ వారమునకు ఒక్కరోజు మాత్రమే వేసుకునే మందు. మన వాళ్ళు చీటీ చదువుకోలేక బి.పి. మాత్రవలె రోజూ వేసుకుంటున్నారు. అట్లు వేసుకుంటే నోరు పూస్తుంది, రక్తకణములు పడిపోతాయి, ప్రాణము కూడ పోవచ్చును. ఏ వారము మంచిదని అడిగితే మేము ఆదివారమని చెబుతాము, మరచిపోయే రోజు కాదు గనుక. ఫోలిక్ ఆమ్లము వేరొక రోజున. డాక్టరు చెప్పినప్పుడెల్ల రక్తపరీక్ష చేయించుకోవలెను. గర్భముతో ఉన్నవారు, బిడ్డను కోరుకునేవారు దీనిని వాడకూడదు, ముందే డాక్టరుతో మాట్లాడవలెను. సారా, కల్లు దగ్గరికి రానీయకూడదు.

ఈ మందు పని చూపడానికి ఆరునుండి పన్నెండు వారములు పడుతుంది. మన జనులు ఇక్కడే ఓపిక తప్పుతున్నారు. ఊరి వైద్యుడు ఒక సూది వేస్తే సాయంత్రానికి లేచి వంట చేస్తుంది. మరి ఎవరు గొప్ప డాక్టరు? ఆ సూదిలో ఉన్నది తరచుగా స్టెరాయిడ్. దానిని కనిపెట్టి కీళ్ళవాతములో వాడినవారికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది, అది చెడ్డ మందు కాదు. సరియైన చేతిలో, తక్కువ కాలము, అది మేలు చేస్తుంది. లెక్క లేకుండా ఏండ్ల తరబడి వాడితే ముఖము గుండ్రముగా ఉబ్బి, షుగరు వచ్చి, ఎముకలు గుల్లబారుతాయి. అలవాటైన శరీరములో హఠాత్తుగా ఆపివేస్తే అదీ ప్రమాదమే. పేరు లేని పొట్లములలో అమ్మే పొడులలో కూడ ఇదే కలిపిన సందర్భములున్నవి.

ఇప్పుడు టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించే సూదులు, టి కణమునకు అందవలసిన రెండవ ఆజ్ఞను ఆపే అబటాసెప్ట్ వంటి మందులు కూడ వచ్చినవి. ఖరీదు ఎక్కువ. పైగా మన దేశములో చాలామంది శరీరములలో క్షయ క్రిమి నిద్రపోతూ ఉంటుంది, దానికి కాపలా ఉన్నది కూడ ఈ కణములే. అందుచేత ఈ మందులకు ముందు క్షయ పరీక్ష తప్పదు.

ఇక సంఘములలో మమ్ములను అడిగే ప్రశ్న. ప్రార్థన చేయించుకున్న తరువాత మాత్రలు మానవలెనా? ఈ రోగము తనంతట తాను తగ్గుతూ, మరల లేస్తూ ఉంటుంది. తగ్గిన వారములో కూటము జరిగితే సాక్ష్యము చెప్పి మాత్రలు పారవేస్తారు. రెండు నెలలకు వేళ్ళు మరల వాస్తాయి. అప్పుడు ఆ సహోదరి ఎవరితోను చెప్పుకోలేదు. తనకు విశ్వాసము చాలలేదని కుములుతుంది, ఆ సమయములో ఎముక అరుగుతూనే ఉంటుంది. ఇన్సులిను తీసుకొనే చిన్నపిల్లల సంగతి ఇంకా భయంకరము. వారిలో టి కణములు ఇన్సులిను తయారుచేసే కణములను నాశనము చేసివేసినవి. ఆ సూది కొన్ని రోజులు ఆపితే బిడ్డ మిగలదు. కాబట్టి మేము ప్రార్థన చేస్తాము, మందు మానమని మాత్రము చెప్పము. ఎవరైనా వేదికమీదనుండి అట్లు చెబితే, పెద్దలు ఆ రోజే వారిని ఆపవలెను.

ఉదయపు బిగుసుకుపోవుట అరగంటకు మించి, ఆరు వారములు సాగితే ఆలస్యము చేయవద్దు. సూర్యాపేటలో 2019నుండి ప్రభుత్వ మెడికల్ కళాశాల ఉన్నది. దాని ఆసుపత్రిలో మొదట చూపించవచ్చును. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్ళవాతములకు ప్రత్యేకముగా రుమటాలజీ విభాగమున్నది. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, ఎక్స్‌రేలు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకొని వెళ్ళండి. ఆ పేరు లేని పొట్లములను కూడ దాచకుండా చూపించండి. డాక్టరు ముందుగా చూడవలసినవి అవే.