ఆట తెర ముందా, ఆవరణలోనా?



పోయిన వేసవి సెలవుల్లో ఒక తండ్రి, తల్లి తమ కూతురిని మన ఓ.పి.కి తీసుకొచ్చారు. పాపకు పన్నెండేళ్లు. మోకాళ్లు నొప్పులంటోందని వచ్చారు. తూకం వేస్తే అరవై రెండు కిలోలుంది. "మెడ వెనకాల మురికి పట్టిందండి, సున్నిపిండితో ఎంత రుద్దినా పోవట్లేదు" అంది తల్లి. అది మురికి కాదు. ఒళ్లు బరువెక్కిన పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు మెడ మీద, చంకల్లో చర్మం అలా నల్లగా, మందంగా మారుతుంది. డాక్టరు గారు షుగరు పరీక్ష రాసి, రోజూ ఆడించండి, తిండి మార్చండి అని చెప్పారు.

బయటికి వచ్చాక తండ్రి నన్నడిగారు. "సిస్టరు గారూ, మా బావమరిది అమెరికాలో ఉంటాడండి. గెంతుతూ ఆడే వీడియో గేములు ఉన్నాయట, ఒకటి పంపిస్తానంటున్నాడు. ఖరీదు బాగానే ఉంటుందట. తెప్పించమంటారా?"

ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించి ఆయనకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. మన సంఘ కుటుంబాల్లో చాలామందికి ఇదే సందేహం ఉండొచ్చు.

ఈ ఆటలు కొత్తవేమీ కావు. 1998లో జపానులో పాటకు తగ్గట్టు కాళ్లతో గడులు తొక్కే డాన్సు ఆట వచ్చింది. 2006లో నింటెండో వారి వీ వచ్చింది. చేతిలో చిన్న కర్ర లాంటిది పట్టుకుని ఊపితే తెర మీద టెన్నిస్, బాక్సింగ్ ఆడొచ్చు. 2010లో మైక్రోసాఫ్ట్ వారి కైనెక్ట్ వచ్చింది. చేతిలో ఏమీ లేకుండా ఒళ్లు కదిపితే చాలు, కెమెరా కనిపెడుతుంది. దాన్ని 2017లో ఆపేశారు. ఇప్పుడు వేరే పరికరాలున్నాయి, ఫోనులో కూడా ఇలాంటి ఆటలున్నాయి.

వీటిని నేను మొదట డల్లాస్‌లో మా చెల్లెలి ఇంట్లో చూశాను. మొదటి వారం పిల్లలిద్దరూ తెర ముందు గుద్దులాడుతూ చెమటలు కక్కుతుంటే, భలే యంత్రం కనిపెట్టారే అనుకున్నాను. నెల తిరిగేసరికి వాళ్లు సోఫాలో కూర్చుని మణికట్టు ఒక్కటే ఆడించి గెలవడం నేర్చుకున్నారు. పక్కన చిప్స్ గిన్నె. పిల్లలు తెలివైనవాళ్లు కదా!

నా అనుభవం ఒక్కటే చాలదు. పరిశోధనలు ఏమంటున్నాయో చూద్దాం. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం వీ ఆటలు ఆడేటప్పుడు, కూర్చుని ఆడే వీడియో గేముల కన్నా శక్తి ఎక్కువే ఖర్చవుతుంది. కానీ నిజంగా మైదానంలో ఆ ఆట ఆడినంత కాదు. 2011లో న్యూజీలాండ్‌లో బరువు ఎక్కువున్న 322 మంది పిల్లలను ఆరు నెలల పాటు గమనించారు. ఈ ఆటలు ఇచ్చిన పిల్లల్లో కొద్దిపాటి మేలు కనిపించింది. అయితే 2012లో అమెరికాలోని హ్యూస్టన్ పరిశోధకులు 9 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఈ ఆటలిచ్చి 13 వారాలు చూస్తే, మామూలు వీడియో గేములు ఇచ్చిన పిల్లల కంటే వీళ్లు రోజు మొత్తం మీద ఎక్కువ కదిలిందేమీ లేదని తేలింది. 2016లో ప్రపంచమంతా ఊగిపోయిన పోకెమాన్ గో సంగతీ అంతే. అమెరికాలో ఆడినవాళ్లు మొదటి వారం రోజుకు దాదాపు 955 అడుగులు ఎక్కువ నడిచారు. ఆరో వారానికి మళ్లీ మామూలే.

వీటిని బట్టి నాకు అర్థమైంది ఇది. యంత్రం పిల్లవాడిని కదిలించగలదు గానీ, కదిలే అలవాటును తనంతట తాను నిలబెట్టలేదు. కాబట్టి మందు కొన్నట్టు దాన్ని కొనకండి. అప్పు చేసి అసలే కొనకండి.

అలాగని అది పనికిరాని వస్తువని కూడా నేను అనను. మే నెలలో మన తణుకు ఎండలు మీకు తెలుసు, వానాకాలం ముసురూ తెలుసు. బయట పరిగెడితే తోటిపిల్లలు వెక్కిరిస్తారని కుమిలిపోయే లావుపాటి పిల్లలున్నారు. గడప దాటనివ్వని ఆడపిల్లలున్నారు. అలాంటివారికి తలుపు వేసుకుని గెంతే అరగంట మంచి మొదలే. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న పెద్దవారికి ఫిజియోథెరపిస్టు సమక్షంలో ఇలాంటి ఆటలతో వ్యాయామం చేయించడం కూడా ఉంది. ఇంట్లో ఇప్పటికే ఉంటే వాడండి. నిలబడే ఆడాలి, ఇంట్లో పెద్దవారొకరు కలిసి ఆడాలి, ఆడేటప్పుడు నోట్లో ఏమీ వేసుకోకూడదు. నేల తడిగా లేకుండా, చుట్టూ బల్లలు, కుర్చీలు లేకుండా చూసుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, ఆయాసం వచ్చేంత కదలిక కావాలి. మన పిల్లలకు ఆ గంట ఎక్కడ దొరుకుతోంది? ఉదయం బడి, సాయంత్రం ట్యూషను, రాత్రి హోంవర్కు, మధ్యలో ఫోను. నా చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి ఆడటానికి ఎవరూ డబ్బులివ్వలేదు, ఎవరూ చోటు చూపించలేదు. ఖాళీ జాగాలు ఉండేవి. ఇప్పుడు ఆ జాగాల్లో ఇళ్లు లేచాయి, వీధుల్లో బళ్లు పెరిగాయి. పిల్లలు బద్ధకస్తులయ్యారని తిడుతున్నాం గానీ, వాళ్ల గంటనూ వాళ్ల జాగానూ తీసుకున్నది మనమే.

ఫలితం కళ్లముందే ఉంది. 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల లోపు ఊబకాయం ఉన్నవారు మన దేశంలో 1990లో నాలుగు లక్షలుంటే, 2022 నాటికి కోటీ ఇరవై అయిదు లక్షలయ్యారు. ఇప్పటికీ మనవడు బొద్దుగా ఉంటే దిష్టి తీసి, ఇంకో ముద్ద నెయ్యన్నం పెట్టే అమ్మమ్మలు మనలో ఉన్నారు. నేనూ అమ్మమ్మనే, నేనూ పెట్టాను. మూడు వందల మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఏడెనిమిది చెంచాల పంచదార ఉంటుందని తెలిసీ, ఏడుపు మాన్పించడానికి కొనిచ్చాను. ఆ తీపిని ఏ వీడియో గేమూ కరిగించలేదు.

అందుచేత సంఘ పెద్దలకు నాదొక మనవి. మన చర్చి ఆవరణ ఆదివారం ఆరాధన అయ్యాక వారమంతా గేటు వేసి ఉంటుంది. రోజూ సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు దాన్ని పిల్లల కోసం తెరవండి. ఏ మతం పిల్లలైనా రావచ్చు. ముఖ్యంగా ఆడపిల్లలు రావాలి. రోజుకు ఇద్దరు తల్లులు వంతులవారీగా కూర్చుంటే చాలు. రెండు స్కిప్పింగు తాళ్లు, ఒక బంతి, ఏడు పెంకులు. వేసవిలో వేళ ఇంకాస్త వెనక్కి జరపవచ్చు. కిటికీ అద్దాలు పగులుతాయని, పూలకుండీలు విరుగుతాయని కొందరంటారు. పగలవచ్చు. పగిలిన అద్దం మార్చుకోవచ్చు. చిన్న వయసులో వచ్చిన షుగరు జబ్బుతో మాత్రం ఆ బిడ్డ జీవితాంతం వేగాలి. మొదటి వారం కూర్చునే తల్లుల్లో నా పేరు రాసుకోండి.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాను. తండ్రి ఆ యంత్రం తెప్పించలేదు. రాత్రి భోజనానికి ముందు డాబా మీద ఫోనులో పాట పెట్టుకుని తల్లీకూతుళ్లు అరగంట డాన్సు చేయడం మొదలుపెట్టారు. తరువాత పక్కింటి అమ్మాయిలు కూడా వచ్చి తాడాట కలిపారు. కూల్‌డ్రింకు మానేసి మజ్జిగ పట్టారు. నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది. తూకం వేస్తే అదే అరవై రెండు. తల్లి ముఖం చిన్నబోయింది. "ఎత్తు కూడా కొలవనివ్వమ్మా" అన్నాను. రెండు సెంటీమీటర్లు పెరిగింది. ఎదిగే పిల్లలు బరువు తగ్గకపోయినా, బరువు ఆగి ఎత్తు పెరిగితే అది గెలుపే. మోకాళ్ల నొప్పి గురించి అడిగితే, "అది ఎప్పుడో పోయిందండి" అంది పాప, చెప్పులు వేసుకుంటూ. "ఇంటికెళ్లాలి ఆంటీ, వాళ్లు నాకోసం ఎదురు చూస్తుంటారు."

ఎదురుచూసే స్నేహితులు ఏ దుకాణంలోనూ అమ్మరు. మన పిల్లలకు వాళ్లు దొరకాలంటే మన గేటు తెరవాలి.