టికెట్‌ సరే... తిరిగొచ్చే కాగితం ఉందా?

‘‘అమ్మాయ్‌, నాన్నని విజయవాడ ఆసుపత్రిలో చేర్పించాం. ఒక్కసారి వచ్చి కనపడిపో.’’

‘‘వస్తానమ్మా... లాయరుని అడిగి చెబుతా.’’

తిరువూరులో ఫోన్‌ పెట్టేసిన ఆ తల్లికి ఏమీ పాలుపోదు. పక్కనే ఉన్న వదినగారు ఊరుకోరు. ‘‘కన్నతండ్రిని చూడ్డానికి లాయరు పర్మిషనా? చోద్యం కాకపోతే!’’

ఊళ్లు మారొచ్చు, వరసలు మారొచ్చు. అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు ఇలాంటి మాటలు కొత్త కాదు. అమ్మాయికి రావాలని లేదా? ఉంది. ఆపుతున్నదల్లా అల్లుడుగారితో కలిసి పెట్టుకున్న గ్రీన్‌కార్డు దరఖాస్తు.

గడప దాటితే...

అమెరికాలో ఉంటూనే గ్రీన్‌కార్డు కోసం వేసే దరఖాస్తు పేరు ఐ-485. అది తేలకముందే దేశం దాటితే, దరఖాస్తుదారు దాన్ని వదులుకున్నట్టు లెక్కగడతారు. అలా కాకూడదంటే ‘అడ్వాన్స్‌ పెరోల్‌’ అనే అనుమతి పత్రం ముందే చేతిలో ఉండాలి. ఇందుకు ఐ-131 అనే మరో దరఖాస్తు పెట్టాలి. పెడితే చాలదు. అది మంజూరు కాకముందే విమానం ఎక్కేస్తే మామూలుగా ఆ దరఖాస్తూ పోతుంది.

హెచ్‌-1బి మీద ఉద్యోగం చేస్తున్నవారికి, వారి హెచ్‌-4 జీవిత భాగస్వామికి మినహాయింపు ఉంది. ఆ హోదా కొనసాగుతూ, అదే వీసా మీద తిరిగి వస్తే పెరోల్‌ లేకపోయినా దరఖాస్తు నిలుస్తుంది. కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటే ఇక్కడి కాన్సులేట్‌లో కొత్తది వేయించుకోవాలి. 2020 మార్చిలో కొవిడ్‌తో కాన్సులేట్లు మూతపడ్డప్పుడు, పెళ్లికో కర్మకో వచ్చినవాళ్లు ఎందరో నెలల తరబడి ఇక్కడే ఉండిపోయారు. 2025 డిసెంబరులోనూ ఇంటర్వ్యూలు నెలల పాటు వాయిదాపడి, మళ్లీ అదే అవస్థ.

ఇద్దరిదీ ఒకటి కాదు

చాలామంది పొరబడేది ఇక్కడే. భార్యాభర్తల దరఖాస్తులు ఒకే కవరులో వెళ్లినా లెక్క వేరు. ఉద్యోగం ద్వారా భర్త ప్రధాన దరఖాస్తుదారు అయితే, భార్యది ఆయన మీద ఆధారపడినది. ఆమెది రద్దయినా ఆయనది నిలుస్తుంది. ఆయనది రద్దయితే మాత్రం ఆమెదీ కూలిపోతుంది.

మరో చిక్కు. దరఖాస్తు ఆధారంగా వచ్చిన పని అనుమతి కార్డుతో ఆయన వేరే కంపెనీకి మారారనుకుందాం. అప్పుడు ఆయన హెచ్‌-1బి హోదా ముగుస్తుంది. దానితోపాటే ఆమె హెచ్‌-4 కూడా. ‘నా వీసా మీద తేదీ ఇంకా ఉందిగా’ అనుకుని ఆమె బయల్దేరితే, ఏళ్ల నిరీక్షణ ఒక్క ప్రయాణంతో పోతుంది.

అంత నిరీక్షణ ఎందుకంటారా? ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి సుమారు 7 శాతమే అని 1990 నాటి చట్టం చెబుతోంది. మనవాళ్ల వరస పెద్దది. 2007 జులైలో ఉద్యోగ కోటా తలుపులు అందరికీ తెరిచి, వెంటనే మూసి, నిరసనల తర్వాత ఆగస్టు 17 వరకూ మళ్లీ తెరిచారు. అప్పుడు దరఖాస్తు పెట్టిన భారతీయుల్లో కొందరు కార్డు కోసం దాదాపు పదేళ్లు ఎదురుచూశారు. అన్నేళ్లలో ఇంట్లో పెళ్లిళ్లు, పురుళ్లు, చావులు ఆగుతాయా?

మనం చేయగలిగింది

అక్కడి దంపతులు చేయాల్సింది ఒకటే. ఫోన్‌ మోగే దాకా ఆగకుండా ఐ-485తోపాటే ఇద్దరికీ ఐ-131 పెట్టుకోవాలి. వచ్చాక గడువు చూసుకుని ముందే కొత్తదానికి దరఖాస్తు చేయాలి. పెరోల్‌ ఉన్నా విమానాశ్రయంలో తుది మాట అధికారిదే కనుక మిగతా కాగితాలూ వెంట ఉండాలి.

ఇక్కడివాళ్లకూ ఒక పనుంది. నిజంగా అత్యవసరమైతే అక్కడి స్థానిక ఇమిగ్రేషన్‌ కార్యాలయంలో త్వరగా పెరోల్‌ కోరే వీలుంది. ఇస్తారన్న హామీ లేదు కానీ, అడగడానికి ఆధారం కావాలి. ఆసుపత్రి లెటర్‌హెడ్‌ మీద జబ్బు, తీవ్రత, తేదీ రాసి డాక్టరు సంతకం చేసిన ఉత్తరం అదే రోజు ఫోన్లో పంపితే అమ్మాయికి ఒక రోజు కలిసొస్తుంది. జరగరానిది జరిగితే మరణ ధ్రువపత్రం, తెలుగులో ఉంటే దాని ఇంగ్లిషు అనువాదం కూడా పంపాలి.

ఈసారి ‘లాయరుని అడిగి చెబుతా’ అని అమ్మాయి అంటే, ‘రానంటోంది’ అనుకోకండి. ‘డాక్టరుగారి ఉత్తరం పంపమంటావా తల్లీ?’ అనండి. అక్కడ ఒంటరిగా ఏడుస్తున్న పిల్లకు ఆ ఒక్క మాటే కొండంత అండ.