ఈ సూది ఎవరి కోసం?

మా ఇంట్లో ఇగువానా ఉండేదని చెప్తే హాస్టల్లో మొదట వచ్చే ప్రశ్న, "బల్లినా పెంచుకునేది?" రెండోది, "దానికి డాక్టర్ కూడానా!" ఆ నవ్వులు నాకు అలవాటే. కానీ పోయిన సెలవుల్లో ఇంట్లో జరిగింది చూశాక ఒక అభిప్రాయం గట్టిపడింది. అదే రాస్తున్నా. (మన ఉడుమును ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మాది ఉడుము కాదు, మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన పచ్చ ఇగువానా.)

పేరు చింటూ. తమ్ముడిది. నాలుగేళ్లుంటాయి. దాని జబ్బు దానంతట అది రాలేదు, మేమే తెచ్చాం. ఎండ తగులుతుందని ట్యాంకును కిటికీ పక్కన పెట్టాం. ఎముకలకు కావలసిన డి3 విటమిన్ ఒంట్లో తయారవ్వాలంటే యూవీబీ కిరణాలు పడాలి. కిటికీ అద్దం వాటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఇక తిండి. రోజూ పాలకూరే. అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. పెరట్లోనే మునగచెట్టు ఉంది, దాని ఆకు నిండా కాల్షియమే, ఒక్క రెమ్మ వేయలేదు. బలమని ఉడకబెట్టిన గుడ్డు మాత్రం వేశాం, ఆకులు తిని బతికే జంతువుకి!

దవడ మెత్తబడి, కాళ్లు వణకడం మొదలైనప్పుడే తీసుకెళ్తే కాల్షియం, సరైన లైటు, సరైన తిండితో చాలావరకు కోలుకుంటాయట. అందుకే, "గోడ మీద తిరిగేవి ఎన్ని లేవు, దీనికి మూడు వేలా?" అన్న మా అమ్మతో నాకు అప్పుడూ పేచీయే, ఇప్పుడూ పేచీయే.

మేం వెళ్లేసరికి కిడ్నీలు కూడా పోయాయి. యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుంటోంది. "సెలైన్ ఇస్తూ, సిరంజితో తినిపిస్తే కొన్ని వారాలు నడుస్తుంది. బాగవడం మాత్రం ఉండదు" అన్నారు డాక్టర్. "కొన్ని వారాలైనా చాలు సార్" అన్నాడు తమ్ముడు.

ఆ వారాలు ఎవరికి చాలు? రోజూ ఒకరు పట్టుకోవాలి, ఒకరు దవడ తెరవాలి, మెత్తబడిన ఆ దవడనే. కుక్కయితే మూలుగుతుంది. ఇగువానా అరవదు, బలహీనత బయటపెడితే అడవిలో ఎవరికో ఆహారమైపోతుంది కాబట్టి దాచుకుంటుంది. కదలకుండా పడుకుంటే "పాపం, హాయిగా ఉంది" అనుకున్నాం. నిజం చెప్పాలంటే వైద్యం ఆపితే మా తప్పు ఖాయమైపోతుందని భయం. పాలకూర తెచ్చింది నేనే మరి. ప్రాయశ్చిత్తం మాది, సూదులు దానికి. ఇదేం న్యాయం?

"ప్రాణం తీసే హక్కు మనకెక్కడిది?" అంది నానమ్మ. కొట్టిపారేసే ప్రశ్న కాదు. కానీ నాలుగేళ్లు దాని వెలుగు, వేడి, తిండి అన్నీ మేమే నిర్ణయించాం. ఈ సాగదీత కూడా మా నిర్ణయమే కదా.

తమ్ముడికి ఒక నోట్‌బుక్ ఇచ్చా. తనంతట తాను తిన్నదా, లైటు కిందికి ఎక్కిందా, బరువెంత, అంతే. 1,400 గ్రాములుండేది 1,050కి వచ్చింది. పదకొండు రోజులు వరసగా రెండు గడుల్లోనూ "లేదు". పన్నెండో రోజు వాడే వచ్చి, "అక్కా, డాక్టర్‌కి ఫోన్ చెయ్యవా" అన్నాడు.

ఫ్రీజర్‌లో పెడితే నిద్రలోనే పోతుందని ఎవరో సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, స్పృహలో ఉన్న ప్రాణిని గడ్డకట్టించడం అది. డాక్టర్ ముందు మత్తిచ్చి, తర్వాత రెండో ఇంజెక్షన్ చేశారు. సరీసృపాల గుండె అంత త్వరగా ఆగదు. అందుకే ఛాతీ మీద ప్రోబ్ పెట్టి చాలాసేపు విన్నారు, మళ్లీ విన్నారు. తమ్ముడు తోక వదల్లేదు. పొద్దున బయల్దేరేటప్పుడు అమ్మ కవర్లో ఏదో పెట్టిచ్చింది. విప్పి చూస్తే లేత మునగాకు.